తుపాకులు తీసేశాకే బతికిన విమానం

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మనీని ఆకాశం నుంచి ఫోటోలు తీయడానికి బ్రిటన్ పంపినవి బ్లెన్‌హైమ్ బాంబర్లు. వాటిలో మరతుపాకులు ఉండేవి, వాటిని పేల్చడానికి ఒక మనిషీ ఉండేవాడు. అయినా వెళ్లినవాటిలో చాలా తిరిగి రాలేదు. ఎత్తుకు వెళితే కెమెరాలు గడ్డకట్టేవి, కిందికి దిగితే శత్రు విమానాలు చుట్టుముట్టేవి.

యుద్ధానికి కొద్ది రోజుల ముందే, ఆగస్టులో, మారిస్ లాంగ్‌బాటమ్ అనే యువ అధికారి ఈ సమస్య మీద పైవాళ్లకు ఒక నోట్ రాశాడు. ఫోటో తీయడానికి వెళ్లే విమానం పోరాడాలని ఎందుకు అనుకోవాలి? అది చిన్నగా ఉండాలి, అందనంత ఎత్తులో ఎగరాలి, ఎవరైనా వెంటపడితే వాళ్లకంటే వేగంగా వెళ్లిపోవాలి. అందుకు తగినది స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం. దానిలోంచి తుపాకులు, తూటాలు, అవసరం లేని బరువంతా తీసేసి ఆ స్థానంలో పెట్రోలు నింపాలి. నోట్ సారాంశం ఇదే.

ఆ ఆలోచనను చేతల్లోకి తెచ్చినవాడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్. యుద్ధానికి ముందు వ్యాపారి వేషంలో, కెమెరాలు దాచిన చిన్న లాక్‌హీడ్ విమానంలో జర్మనీ మీద తిరిగిన మనిషి అతను. లండన్ దగ్గరి హెస్టన్‌లో అతని చేతికి రెండు స్పిట్‌ఫైర్‌లు అందాయి. ఎనిమిది బ్రౌనింగ్ మరతుపాకులూ ఊడదీయించి, వాటి రంధ్రాలు మూయించి, రేకుల మధ్య సందులు పూడ్పించి, పైభాగమంతా నున్నగా పాలిష్ పట్టించాడు. 1939 నవంబరు 18న లాంగ్‌బాటమే వాటిలో ఒకదాన్ని ఫ్రాన్స్ నుంచి జర్మనీలోని ఆకెన్ వైపు 33,000 అడుగుల ఎత్తున నడిపాడు. తన కాగితాన్ని తన ప్రాణంతోనే పరీక్షించుకున్న ఆ ధైర్యం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

అసలు లాభం పెట్రోలులో ఉంది. మామూలు స్పిట్‌ఫైర్‌లో దాదాపు 386 లీటర్లు పట్టేది. తర్వాతి కాలపు ఫోటో రకం, పీఆర్ 11లో, రెక్కల ముందు అంచు లోపలి ఖాళీనే ట్యాంకుగా మార్చేయడంతో అది 990 లీటర్ల దాకా పెరిగింది. గంటకు 670 కిలోమీటర్ల వేగం అందుకునే ఆ విమానం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ నుంచి, సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బెర్లిన్‌కు ఒంటరిగా వెళ్లి తిరిగి రాగలిగేది.

ఆ ఎత్తులో పైలట్ పరిస్థితి వేరు. 30,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి నేల మీద ఉండేదానిలో మూడో వంతు కూడా ఉండదు. బయట మైనస్ 45 డిగ్రీల చలి. ఆక్సిజన్ గొట్టం ఊడితే ఒకటి రెండు నిమిషాల్లో స్పృహ పోతుంది, అదీ తనకు తెలియకుండానే. దారి చెప్పేవాళ్లు లేరు, మోకాలి మీద మ్యాపు, చేతికి వాచీ అంతే. రేడియోలో మాట్లాడితే ఉనికి బయటపడుతుంది కాబట్టి మౌనం. అన్నిటికంటే పెద్ద టెన్షన్ వెనక ఏర్పడే తెల్లని చార. ఇంజిన్ వదిలే ఆవిరి ఆ చలిలో గడ్డకట్టి, మైళ్ల పొడవునా విమానం ఎక్కడుందో చూపిస్తుంది. అందుకే కాక్‌పిట్ బయట చిన్న అద్దం ఉండేది. అందులో చార కనబడగానే పైలట్ ఎత్తు మార్చుకునేవాడు. చార మొదలయ్యే ఎత్తుకు కాస్త కింద ఎగిరితే ఇంకో మేలు కూడా ఉంది: పైనుంచి మీదపడాలని చూసే శత్రువుకే చార ఏర్పడుతుంది.

పై ఎత్తుల్లో తిరిగే విమానాలకు ఆకాశంలో కలిసిపోయే నీలం రంగు వేశారు. మేఘాల కింద తక్కువ ఎత్తులో, ఉదయం సాయంత్రం వేళల్లో తిరిగే కొన్నింటికి లేత గులాబీ రంగు.

ఇక కెమెరా లెక్క. లెన్స్ నాభ్యంతరం (లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య దూరం) 36 అంగుళాలు, అంటే 3 అడుగులు. ఎత్తు 30,000 అడుగులు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే ఫోటో స్కేలు 1:10,000 అని తేలుతుంది. నేల మీద 10 మీటర్ల లారీ ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు. విమానం సెకనుకు 170 మీటర్లు కదులుతోంది కదా, ఫోటో మసకబారదా? షట్టర్ సెకనులో 150వ వంతు తెరుచుకుంటే ఆలోగా విమానం మీటరుకు పైగా జరుగుతుంది, ఫిల్ము మీద అది మిల్లీమీటరులో పదో వంతు. భరించవచ్చు. ఒరిగితేనే ప్రమాదం. ఒక్క డిగ్రీ వాలినా ఫోటో మధ్య బిందువు నేల మీద 160 మీటర్లు పక్కకు పోతుంది. పైగా తన కింద ఏముందో పైలట్‌కు కనబడదు. ముందే రెక్క వంచి లక్ష్యం చూసుకుని, మళ్లీ సమంగా నిలిపి, కింద నుంచి ఫిరంగి గుండ్లు పేలుతున్నా గీత గీసినట్టు తిన్నగా నడపాలి. కెమెరాలు గడ్డకట్టకుండా ఇంజిన్ వేడిగాలిని గొట్టాల్లో పంపేవారు.

ఎత్తు నుంచి తీసిన ఫోటోలో అన్నీ తెలియవు. 1941 చివర్లో ఫ్రాన్స్ తీరంలో, లే హావ్ర్‌కు ఉత్తరాన బ్రూనెవాల్ కొండ అంచున ఒక చిన్న చుక్క కనబడింది. అది జర్మన్ రాడార్ కావచ్చని శాస్త్రవేత్త ఆర్.వి. జోన్స్ బృందానికి అనుమానం. తేల్చుకోవాలంటే ఎవరో ఒకరు చెట్ల ఎత్తున దూసుకెళ్లి పక్క నుంచి తీయాలి. టోనీ హిల్ అనే పైలట్ వెళ్లాడు. ఇది పై నుంచి తీయడం కంటే కష్టం, ఎందుకంటే దగ్గరి వస్తువు రెప్పపాటులో వెనక్కి జారిపోతుంది, అది రెక్క వెనక కెమెరా ముందుకు వచ్చే క్షణాన్నే బొత్తాం నొక్కాలి. మొదటిసారి కెమెరా పనిచేయలేదు. కానీ అతను కళ్లతో చూశాడు: పదడుగుల వెడల్పున, గిన్నెలాంటి ఎలక్ట్రిక్ హీటర్ ఆకారం అని వచ్చి చెప్పాడు. కాపలావాళ్లు అప్రమత్తమై ఉంటారని తెలిసీ మర్నాడు, డిసెంబరు 5న, మళ్లీ వెళ్లి ఫోటోలు తెచ్చాడు. ఆ ఫోటోల ఆధారంగానే 1942 ఫిబ్రవరి 27 రాత్రి పారాచూట్ దళం అక్కడ దిగి, ఆ వుర్జ్‌బర్గ్ రాడార్ ముఖ్య భాగాలను విప్పుకుని సముద్రం మీదుగా పట్టుకొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్‌లోని లె క్రూజో ఫోటోలు తీస్తుండగా హిల్ విమానం కూలింది. అతను బతకలేదు.

ఈ పైలట్లకు తిరిగి రావడమే అసలు పని. బాంబరు తన పని లక్ష్యం మీదే ముగించేస్తుంది. వీళ్ల పని మాత్రం ఫిల్ము ఇంటికి చేరితేనే ముగుస్తుంది. 1941 మే 21న స్కాట్లాండ్‌లోని విక్ నుంచి బయల్దేరిన మైకేల్ సక్లింగ్ నార్వేలోని బెర్గెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను ఫోటో తీశాడు. ఫోటోలు లండన్ చేర్చమన్నారు. దారిలో నాటింగ్‌హామ్ దగ్గర పెట్రోలు అయిపోతే విమానం దింపి, మిగతా దారి రాత్రివేళ కారులో వెళ్లి అందించాడు. బిస్మార్క్ ఆ నెల 27న మునిగింది. సక్లింగ్ జూలైలో మరో పని మీద వెళ్లి తిరిగి రాలేదు.

ఫ్రెంచ్ రచయిత సాంతెగ్జుపెరీ 1944 జూలై 31న మాయమైనదీ ఇలాంటి తుపాకుల్లేని అమెరికన్ పి-38 విమానంలోనే.

తెచ్చిన ఫోటోలన్నీ థేమ్స్ ఒడ్డున మెడ్‌మెనమ్ భవనానికి చేరేవి. అక్కడ పనిచేసినవాళ్లలో చాలామంది యువతులు. వరుస ఫోటోలు ఒకదానిలో 60 శాతం మరొకటి కలిసేలా తీస్తారు. ఆ జంటను స్టీరియోస్కోప్ (ఒక్కో కంటికి ఒక్కో ఫోటో చూపే పరికరం) కింద పెడితే, విమానం జరిగిన దూరం రెండు కళ్ల మధ్య దూరంలా పనిచేసి నేల లోతుగా, ఎత్తుగా లేచి కనబడుతుంది. నీడ పొడవు, సూర్యుడి కోణం తెలిస్తే గోపురం ఎత్తు కూడా లెక్కకట్టవచ్చు. 1943 నవంబరు 28న జాన్ మెరిఫీల్డ్ మస్కిటో విమానం నుంచి తీసిన, జర్మన్ ఆయుధాల పరిశోధన కేంద్రం పీనెముండె ఫోటోలో, ఏటవాలు పట్టాల మీద బుల్లి సిలువలాంటిది ఒకటి మెడ్‌మెనమ్‌లో పనిచేసే కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ కంటబడింది. అది జర్మనీ తయారుచేసిన వి-1 ఎగిరే బాంబు. దాని రెక్కల వెడల్పు 5 మీటర్ల చిల్లర. 1:10,000 స్కేలులో అలాంటి వస్తువు అర మిల్లీమీటరు, ఆవగింజ కంటే చిన్నది. గంటల తరబడి వంగి చూసిన ఆ కళ్లు లేకపోతే పైలట్ల సాహసం ఫిల్ము చుట్టలుగానే మిగిలేది.

ఈ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. 1943లో కలకత్తా డమ్‌డమ్‌లో ఏర్పడిన బ్రిటిష్ వైమానిక దళపు 681 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌లు బర్మా మీద ఫోటోలు తీశాయి. స్వాతంత్ర్యం తర్వాత భారత వైమానిక దళం ఇదే పనికి తుపాకుల్లేని కాన్‌బెరా విమానాలు వాడింది. వాటిలో 1962కు ముందు చైనా సరిహద్దు మీద, 1965లో పాకిస్తాన్ మీద తిరిగిన జగ్‌మోహన్ నాథ్‌కు మహావీర్ చక్ర రెండుసార్లు దక్కింది.

ఐరోపా ఫోటోలకు పని ఇంకా మిగిలే ఉంది. అవి లక్షల సంఖ్యలో ఎడిన్‌బరోలో భద్రంగా ఉన్నాయి. జర్మనీలో కొత్త భవనం కట్టబోయే ముందు ఆ చోటి పాత ఫోటోలు తెప్పించి చూస్తారు. పేలిన బాంబు పెద్ద గుంత చేస్తుంది, పేలకుండా నేలలోకి దిగినది చిన్న రంధ్రమే వదులుతుంది. అలాంటి గుర్తు కనబడితే, పునాది తవ్వకముందే బాంబు తొలగించే సిబ్బందిని పిలుస్తారు.