వెనక చక్రం ఎందుకు జారుతుంది? ట్రయల్స్ బండి గ్రిప్ మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో శని, ఆదివారాలు ట్రయల్స్ బండి నడపడం నేర్పిస్తుంటాను. కనకపుర రోడ్డు వైపు ఒక తోటలో, యజమాని అనుమతితో, బండల మధ్య మా ప్రాక్టీసు. వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు బాగానే ఉంటారు. హిందూపురం, అనంతపురం, చిత్తూరు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కొందరు, మారతహళ్లిలోనే పుట్టి పెరిగినవాళ్లు కొందరు. వాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, వెనక టైరు జారిపోతోంది. ఏ టైరు వేయించమంటావు?"

ట్రయల్స్ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇది రేసు కాదు. బండలు, వాగులు, వేర్లు, నిట్టనిలువు గట్ల మీదుగా గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా వెళ్లాలి. కాలు ఒకసారి ఆనితే ఒక పాయింటు, రెండుసార్లు ఆనితే రెండు, ఆపైన ఎన్నిసార్లు ఆన్చినా మూడు, దారి పూర్తి చేయలేకపోతే ఐదు. ఎవరికి తక్కువ పాయింట్లు పడితే వాళ్లే గెలిచినట్టు. బండి 70 కిలోల దగ్గర్లో ఉంటుంది, కూర్చోవడానికి సీటన్నదే ఉండదు. ఇందులో వెనక చక్రం పట్టు వదిలితే పని అయిపోయినట్టే. అందుకే గ్రిప్ గురించి ఇన్ని మాటలు పుడతాయి. వాటిలో చాలావరకు టైరు మీద అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టించేవి.

అపోహ: టైరు మీది రబ్బరు బ్లాకులు ఎంత పెద్దగా ఉంటే అంత పట్టు.

మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద జరిగే బైక్ రేసు) టైరు చూడగానే ఇదే బండను కరిచి పట్టుకునేది అనిపిస్తుంది. మెత్తటి మట్టిలో అది నిజమే, ఆ పొడవాటి బ్లాకులు మట్టిలోకి దిగి తవ్వుకుంటూ పోతాయి. కానీ మన చుట్టూ ఉన్నది గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాయి. లాల్‌బాగ్‌లో అందరూ ఎక్కి ఫొటోలు దిగే బండ ఎలాంటిదో, రామనగర దాకా దాదాపు అలాంటిదే. దాంట్లోకి ఏ బ్లాకూ దిగదు. రాతి మీద పట్టు రెండు విధాలుగా వస్తుంది. రబ్బరు రాయికి అంటుకోవడం ఒకటి, రాతి పైనున్న సన్నటి గరుకులోకి రబ్బరు ఒదిగి కూర్చోవడం రెండోది. రెండింటికీ కావలసింది రాయిని తాకే మెత్తటి రబ్బరు. పొడవాటి బ్లాకు బండ మీద పక్కకు వంగిపోతుంది, అంచు మాత్రమే ఆనుతుంది.

అందుకే ట్రయల్స్ టైరు బ్లాకులు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య (ఎఫ్ఐఎం) నిబంధనల ప్రకారం వాటి ఎత్తు 13 మిల్లీమీటర్లు దాటకూడదు. వెనక 4.00-18 సైజు, ముందు 2.75-21. వెనక టైరు రేడియల్, ట్యూబ్‌లెస్ అయితే పక్క గోడలు ఎంత మెత్తగా ఉంటాయంటే, గాలి తీసేసి బొటనవేలితో నొక్కితే చొట్ట పడుతుంది. అసలు పని చేసేది ఆ పక్క గోడలే. అవి ఒంగితేనే పైనున్న రబ్బరు బండ ఆకారానికి తగ్గట్టు పరుచుకుంటుంది.

అపోహ: గాలి ఎంత తీసేస్తే అంత మంచిది.

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా దొరికే గ్రిప్ అంతా ఇక్కడే ఉంది, పోగొట్టుకునేదీ ఇక్కడే.

వెనక ట్యూబ్‌లెస్ ట్రయల్స్ టైరులో గాలి 4 నుంచి 5 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. మామూలు బైక్‌లో 30 దాకా కొట్టించే అలవాటున్నవాళ్లకు ఇది పంచర్ అయిన టైరులా కనిపిస్తుంది. 60 కిలోల మనిషికి 4 సరిపోవచ్చు, 85 కిలోల మనిషికి 5 దాకా కావాలి. అంతకన్నా తగ్గిస్తే ఏమవుతుంది? ఏటవాలు బండ మీద అడ్డంగా పోతున్నప్పుడు టైరు రిమ్ కింద పక్కకు దొర్లుతుంది, బండి మీరు చూస్తున్న దారిలో కాకుండా ఒక జానెడు కిందికి పోతుంది. పదునైన అంచుకు తగిలితే రిమ్ రాయికి కొట్టుకుని సొట్ట పడుతుంది. మరీ తగ్గితే టైరు అంచు రిమ్ నుంచి ఊడి గాలంతా ఒక్కసారిగా పోతుంది. పైగా టైరు మధ్యభాగం లోపలికి ముడుచుకుపోతే బరువు అంచుల మీదే పడుతుంది, రాయిని తాకే రబ్బరు పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

పెట్రోల్ బంకులో గాలి మెషిన్ ఈ పనికి రాదు. 100 దాకా కొలిచే గేజ్ మీద 4కీ 5కీ తేడా ముల్లు మందంలో కలిసిపోతుంది. 0 నుంచి 15 పీఎస్‌ఐ వరకు మాత్రమే కొలిచే గేజ్ కొనుక్కోండి. కొత్త టైరు ధరతో పోలిస్తే అదొక లెక్కే కాదు. నేను చెప్పిన అంకెతో మొదలుపెట్టి, ఒకే బండను మళ్లీ మళ్లీ ఎక్కుతూ, పావు పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ చూడండి. మీ బరువుకు సరిపోయేది మీకే తెలుస్తుంది.

చెన్నై మిత్రులకు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఇంటి దగ్గరే గాలి సరిచూసుకుని, బండిని ట్రాలీ మీద ఎక్కించుకుని బెంగళూరు వస్తారు. చెన్నై సముద్రమట్టంలో ఉంది, బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ బయటి గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ తక్కువ. అక్కడ 4.5 పెట్టుకున్న టైరు, అదే వేడిలో, ఇక్కడ 6 దగ్గర చూపిస్తుంది. 30 పీఎస్‌ఐ టైరులో ఒకటిన్నర తేడా ఎవరూ పట్టించుకోరు. 4.5లో ఒకటిన్నర అంటే మూడో వంతు! "మీ బెంగళూరు బండలు జారతాయి బ్రదర్" అని ఒకాయన వాదిస్తుంటే గేజ్ పెట్టి చూపించాల్సి వచ్చింది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేటప్పుడు దీనికి తిరగేసి జరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. 4.5 పెట్టుకుని వెళ్తే చెన్నైలో 3 దగ్గరికి దిగుతుంది, మొదటి బండకే రిమ్ పోతుంది.

వేడి సంగతి కూడా ఇంతే. టైరు 10 డిగ్రీలు వేడెక్కితే అర పీఎస్‌ఐ పైనే పెరుగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సరిచూసిన గాలి మధ్యాహ్నం ఎండలో నల్లటి టైరులో వేరే అంకె అవుతుంది. టీకి ఆగినప్పుడల్లా ఒకసారి గేజ్ పెట్టండి.

అపోహ: ఒళ్లంతా వెనక్కి వేస్తే వెనక చక్రం మీద బరువు పడి పట్టు వస్తుంది.

సగం నిజం, అందుకే అంత తేలికగా పోదు. చక్రం మీద ఎంత బరువు నొక్కుకుంటే అంత పట్టు, ఇందులో సందేహం లేదు. బండి 70 కిలోలు, మీరూ ఇంచుమించు అంతే. అంటే మొత్తం బరువులో సగం మీరే, అదీ కదిలే సగం. మీ కాళ్ల కన్నా పెద్ద గ్రిప్ పార్ట్ ఏ దుకాణంలోనూ దొరకదు.

కానీ నిటారు ఎక్కుడులో బరువు ఎలాగూ వెనక చక్రం మీదికే వచ్చేసి ఉంటుంది. అప్పుడు మీరు ఇంకా వెనక్కి వాలితే ముందు చక్రం లేస్తుంది. పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడతారు. వేలాడేసరికి కుడి మణికట్టు తిరిగి యాక్సిలరేటర్ దానంతటదే తెరుచుకుంటుంది. చక్రం గిర్రున తిరుగుతుంది, పట్టు పోతుంది. ఈ వరుస ప్రతి వారం చూస్తాను, కొత్తవాళ్లలో అందరిలోనూ ఒకేలా ఉంటుంది.

బరువు చేతుల మీద కాదు, ఫుట్‌రెస్టుల మీద ఉండాలి. ఎక్కుడులో మోకాళ్లు వంచి, నడుము హ్యాండిల్‌కు దగ్గరగా తెచ్చి, చేతులు వదులుగా ఉంచండి. గట్టు అంచుకు వెనక చక్రం ఆనే క్షణంలో కాళ్లతో కిందికి తొక్కండి. ఆ క్షణం ఎందుకంత ముఖ్యమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ముల్లు తిరిగే పాత రకం బరువు మెషిన్ మీద మోకాళ్లు వంచి నిలబడి, ఒక్కసారిగా పైకి లేవండి. ముల్లు ముందు మీ బరువును దాటి పైకి పోతుంది, వెంటనే మీ బరువు కన్నా కిందికి పడిపోతుంది. బండ మీదా జరిగేది అదే. ముందే లేచి నిలబడ్డవాడికి చక్రం గట్టును తాకే వేళకు బరువు లేకుండా పోయి ఉంటుంది. ముందు నుంచీ కాళ్లు చాపి ఉన్నవాడికైతే తొక్కడానికి మిగిలిందే లేదు.

అపోహ: ఫస్ట్ గేర్‌లో గట్టిగా రేజ్ చేస్తే ఎక్కుతుంది.

ఫస్ట్ గేర్‌లో వేలు వెంట్రుకవాసి కదిలినా చక్రానికి పెద్ద తోపు వెళ్తుంది. జారుడు బండ మీద అది పనికిరాదు. సెకండ్ వేయండి, అవసరమైతే థర్డ్ వేయండి, క్లచ్ మీద ఒక్క వేలు పెట్టి మెల్లగా వదలండి. రబ్బరు రాయి మీద జారడం మొదలయ్యాక పట్టు తగ్గుతుందే తప్ప పెరగదు. ఇంజిన్ ఎంత అరిస్తే చక్రం అంత వేగంగా జారుతుంది. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రం) బరువు ఎక్కువున్న బండ్లు, యాక్సిలరేటర్ నెమ్మదిగా తెరుచుకునే బండ్లు తడిలో తేలికగా అనిపించేది ఇందుకే. పవర్ గట్టిగానో మెత్తగానో వచ్చేలా మార్చే ఇంజిన్ మ్యాప్ స్విచ్ ఉంటే వానకాలంలో మెత్తటి మ్యాప్‌లో పెట్టుకోండి.

మీరు ఎలా ఎక్కారో మీ చెవి అబద్ధం చెప్పొచ్చు కానీ బండ చెప్పదు. పైకి చేరాక బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూడండి. దుమ్ము పట్టిన రాతి మీద బ్లాకుల ముద్రలు విడివిడిగా, అంచులు తేరి కనిపిస్తే పట్టు దొరికినట్టు. నల్లటి చార ఒకటి సాగినట్టు ఉంటే అక్కడ జారారు. ఆ చార ఎక్కడ మొదలైందో చూడండి. దాదాపు ఎప్పుడూ మీరు క్లచ్ వదిలిన చోటో, కాళ్లు నిటారుగా చాపిన చోటో మొదలవుతుంది. ఎర్రమట్టిలోనూ ఇదే పరీక్ష: బ్లాకుల అచ్చు దిగి ఉంటే సరే, నున్నటి కాలువలా ఉంటే చక్రం ఊరికే తిరిగింది.

ఇంకొకటి, మట్టి నిండిన టైరుతో బండ ఎక్కితే రాయిని తాకేది రబ్బరు కాదు, బురద. సెక్షన్‌లోకి, అంటే గీసిన దారిలోకి, వెళ్లే ముందే ముందు బ్రేకు పట్టుకుని వెనక చక్రం తిప్పి బురద రాల్చేయండి, వెనక మనుషులెవరూ లేకుండా చూసుకుని.

అపోహ: వెనక సస్పెన్షన్ గట్టిగా ఉంటేనే పవర్ నేరుగా నేలకు దిగుతుంది.

ఇది చాలా పాత నమ్మకం. 1940ల ఇంగ్లండ్‌లో ట్రయల్స్ నడిపేవాళ్లలో చాలామంది వెనక స్ప్రింగ్ లేని బండికే పట్టు ఎక్కువని గట్టిగా నమ్మేవారు. 1948లో కోల్‌మోర్ కప్ ట్రయల్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ వెనక స్వింగ్‌ఆర్మ్ (స్ప్రింగుల మీద చక్రంతో పాటు పైకీ కిందికీ కదిలే చట్రం) ఉన్న బుల్లెట్ నమూనా బండ్లను దింపింది. అదే ఏడాది ఇటలీలో జరిగిన ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్‌లో బుల్లెట్లకు రెండు బంగారు పతకాలు వచ్చాయి. 1952లో జానీ బ్రిటన్ బుల్లెట్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. 1950ల నుంచి మద్రాసులో తయారవుతూ మన ఊళ్ల రోడ్ల మీద తిరిగిన బుల్లెట్ వెనక ఈ కథ ఉంది. గాల్లో ఉన్న చక్రానికి గ్రిప్ ఉండదు. చక్రాన్ని నేలకు ఆన్చి ఉంచేది సస్పెన్షనే.

అలాగని మెత్తగా వదిలేయడమూ కాదు. షాక్ అబ్జార్బర్ రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి సాగడం) మరీ నెమ్మదిగా ఉంటే వరుస రాళ్ల మీద చక్రం కిందికి తిరిగి వచ్చేలోపు తర్వాతి రాయి వచ్చేస్తుంది. మరీ వేగంగా ఉంటే చక్రం ఎగిరి తన్నుతుంది. మీరు నిలబడినప్పుడు మొత్తం కదలికలో మూడో వంతు దిగేలా స్ప్రింగ్ పెట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. కింద లింకేజ్ బేరింగులకు గ్రీజు మరిచిపోవద్దు. ప్రెషర్ వాషర్‌తో కడిగి కడిగి అవి తుప్పు పట్టి బిగుసుకుపోయిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటికి కొత్త టైరు వేయించి లాభం లేదు.

అపోహ: బ్లాకులు అరగలేదు కాబట్టి టైరు బాగానే ఉంది.

ఎత్తు కాదు, అంచులు చూడండి. తోసే వైపు అంచులు గుండ్రంగా అయిపోతే తడి మట్టిలో, వేర్ల మీద పట్టు ముందు పోతుంది. టైరు తిప్పి వేయిస్తే రెండో వైపు పదును పనికొస్తుంది. ఇక రబ్బరు వయసు. ఎండలో, టెర్రస్ మీద పెట్టిన టైరు నడపకపోయినా గట్టిపడుతుంది. గోరుతో నొక్కి చూడండి, గుర్తు పడి మెల్లగా పోవాలి. పక్క గోడ మీద నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. పెట్రోల్‌తోనో, డీజిల్‌తోనో తుడిస్తే మెత్తబడుతుందని కొందరు చెబుతారు. ఆ క్షణానికి రబ్బరు ఉబ్బుతుంది, ఆ తర్వాత దాన్ని మెత్తగా ఉంచే నూనెలు పోయి ఇంకా గట్టిబడుతుంది. నీళ్లు, బ్రష్ చాలు.

హీరో ఎక్స్‌పల్స్ లాంటి బండితో మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. దానికీ వెనక 18 అంగుళాల రిమ్మే, కానీ లోపల ట్యూబ్ ఉంటుంది. పైన చెప్పిన 4, 5 పీఎస్‌ఐ దానికి వర్తించవు. అంత తగ్గిస్తే టైరు రిమ్ మీద తిరిగి వాల్వ్ మొదలంటా తెగుతుంది, లేదా ట్యూబ్ రాయికీ రిమ్‌కీ మధ్య నలిగి పంచర్ అవుతుంది. టైరు రిమ్ మీద తిరగకుండా బిగించి పట్టే రిమ్ లాక్ వేయించుకుని 10 దగ్గర మొదలుపెట్టండి. తురహళ్లి లాంటి అటవీ భూముల్లోకి మాత్రం బండి తీసుకెళ్లకండి. బండలున్న ప్రైవేటు స్థలాలు ఊరి చుట్టూ ఉన్నాయి, యజమానిని అడిగితే ఇచ్చేవాళ్లూ ఉన్నారు.