ఊరి చరిత్ర, టీనేజీ నవల: కొన్ని అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

పెళ్లిళ్లలో ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే నాకు ఇప్పటికీ కొంచెం టెన్షనే. కడప జిల్లా ఊళ్ల చరిత్ర వెతుకుతాను, హైస్కూలు పిల్లల కోసం నవలలు రాస్తాను అంటే, "అది సరే, ఉద్యోగం ఏంటి?" అంటారు. పదకొండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. ఈ పని మొదలుపెడదామనుకుంటున్న కుర్రాళ్లు కూడా దాదాపు అవే మాటలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఊరి చరిత్రంటే పెద్దవాళ్లు చెప్పింది రాసుకోవడమే.

రాసుకోవాలి, కాదనను. అక్కడే ఆగితే మాత్రం నాలాగా బోర్లా పడతారు. ఒక ఊళ్లో దిగుడుబావి గురించి అడిగితే తొంభై ఏళ్ల అవ్వ "ధాతలో తవ్వినారు నాయనా" అంది. మా సీమలో ధాత అనగానే గుర్తొచ్చేది ధాత కరువు, 1876-78 నాటి పెద్ద కరువు. ఇంకేం, కరువు పనుల్లో తవ్విన బావి అని ఎగురుకుంటూ వచ్చి వ్యాసం రాసేశాను, అచ్చయింది కూడా. రెండేళ్ల తర్వాత ఎండాకాలంలో నీళ్లు బాగా లోపలికి పోయినప్పుడు మెట్ల పక్క రాయి మీద పాచి గీకితే 1937 అని అంకె బయటపడింది. అవ్వ అబద్ధం చెప్పలేదు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, 1876లో వచ్చిన ధాత మళ్లీ 1936 ఉగాదికి వచ్చి 1937 ఉగాది దాకా ఉంది. ఆమె చెప్పింది తన చిన్నప్పటి ధాత, నేను విన్నది పుస్తకాల్లో ధాత. ఇప్పుడు ఎవరు ఏ సంవత్సరం పేరు చెప్పినా నా మొదటి ప్రశ్న, "అప్పటికి నువ్వు పుట్టినావా అవ్వా?"

శాసనాల్లో ఈ గొడవ తక్కువ. సంవత్సరం పేరుతో పాటు సాధారణంగా శక సంవత్సరం కూడా చెక్కి ఉంటుంది, దానికి 78 కలుపుకుంటే సరిపోతుంది. శక 1454 నందన అంటే 1532. కానీ తిథి మాఘంలోనో ఫాల్గుణంలోనో ఉంటే అది 1533లోకి పోతుంది, చాలామంది కొత్తవాళ్లు జారేది ఇక్కడే.

అపోహ: నోటి మాట నమ్మకూడదు, కాగితం మీద ఉంటే నిజం.

కైఫీయత్తులు చదివాక నాకు ఈ భ్రమ పోయింది. ఈస్టిండియా కుంఫిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా సేకరింపజేసిన వివరాలవి. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. కడపలో బ్రౌన్ పేరుతో ఉన్న పరిశోధన కేంద్రం మా జిల్లావి అచ్చు కూడా వేసింది, కాబట్టి అందకపోవడం అనే సాకు లేదు. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అందులో చాలా భాగం కరణాలు చెప్పిందీ రాసిచ్చిందీ. 1800లో ఈ జిల్లాలు కుంఫిణీ చేతికి పోయాయి, కొత్త దొరల ముందు ఇనాములు, మాన్యాలు నిలబెట్టుకోవాలి, అలాంటప్పుడు ఏ రాజు ఎవరికి ఏమిచ్చాడో ఎవరైనా తమకు అనుకూలంగానే చెబుతారు. డైగ్లాట్ రిజిస్టరు, అంటే ఇంగ్లిషు, తెలుగు రెండింట్లో రాసిన పాత భూముల రిజిస్టరు, అదీ అంతే. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు దొరుకుతాయి. ఆ చేను కౌలుకు దున్నినవాడి పేరు ఉండదు, కలుపు తీసిన ఆడమనిషి గురించి అడగనే అక్కర్లేదు.

అపోహ: పుస్తకాలు రాస్తే డబ్బులు, అవార్డులు.

నవ్వొస్తుంది గానీ చెబుతాను. నా మొదటి నవల 500 కాపీలు సొంత ఖర్చుతో వేశాను, అమ్మిపెట్టినవాళ్లకు నూటికి నలభై పోగా అచ్చు ఖర్చు రావడానికే మూడేళ్లు పట్టింది. ఇల్లు గడిచేది పాత దస్తావేజులు చదివిపెట్టడం వల్ల, బళ్లలో వర్క్‌షాపుల వల్ల, ఊరివాళ్లు అడిగి రాయించుకునే చిన్న చిన్న చరిత్ర పుస్తకాల వల్ల. వీటిలో చివరిదానితో జాగ్రత్త. ఒక ఊరి పెద్దలు అడ్వాన్సు ఇచ్చి, అంతా రాశాక, ఊరు కట్టింది తమ వంశమేనని ఒక్క పేజీ చేర్చమన్నారు. ఆధారం లేదన్నాను. మిగతా డబ్బు రాలేదు.

అవార్డుల మాటకొస్తే, సాహిత్య అకాడమీ యువ పురస్కారాన్ని యువత కోసం రాసిన పుస్తకాలకిస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, అది 35 ఏళ్ల లోపు రచయితలకు. పిల్లల పుస్తకాలకు బాల సాహిత్య పురస్కారం విడిగా ఉంది, 2010 నుంచి. పదిహేనేళ్లవాడి కోసం నలభై ఐదేళ్లవాడు రాసిన నవలను పిల్లల పుస్తకం అనాలో పెద్దల పుస్తకం అనాలో చాలామందికి తేలదు. మా తరానికీ ఇదే కథ, చందమామ అయిపోగానే నేరుగా వారపత్రికల సీరియళ్లలో పడ్డాం, మధ్యలో ఏమీ లేదు.

అపోహ: నవల రాసేవాడు చరిత్రను కలుషితం చేస్తాడు.

చెయ్యొచ్చు, అందుకే నా దగ్గర రెండు నోటుపుస్తకాలుంటాయి. ఎర్ర అట్టదానిలో ఆధారం ఉన్నదే రాస్తాను. నీలం అట్టదానిలో నేను ఊహించినవి. నీలం నుంచి ఎర్రలోకి ఒక్క ముక్క కూడా పోకూడదు, ఎర్రలోంచి నీలంలోకి ఎంతైనా పోవచ్చు. నవల చివర ఏది ఏ పుస్తకంలోదో రెండు పేజీల్లో చెప్పేస్తాను. కథ కంటే ముందు ఆ పేజీలు చదివే పిల్లలున్నారు!

ధాత కరువు మీద రాసిన నవలలో పదమూడేళ్ల పిల్ల రోడ్డు పనిలో కంకర మోస్తుంది. పిల్ల కల్పన. కూలి మాత్రం కాదు. 1877 మొదట్లో, కరువు పనులు చూడమని ఇండియా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన లెక్క ప్రకారం మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. అది ఒంటికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కోర్నిష్ గట్టిగా వాదించాడు కూడా.

అపోహ: టీనేజీ పిల్లలు తెలుగు చదవరు, చదివినా చివర నీతి ఉండాలి.

నీతి కోసం చూసేది తల్లిదండ్రులు. పిల్లలు అడిగేవి వేరు. ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతివాళ్లకు ఈ కూలి సంగతి చెబుతుంటే వెనక బెంచీలోంచి "పౌను అంటే ఎంత సార్?" అన్నారు. చెబితే ఎక్కదని మరుసటి రోజు కిరాణా కొట్లో కాటా అడిగి తీసుకెళ్లి, జొన్నలు 450 గ్రాములు తూచి పాత న్యూస్‌పేపరు మీద పోశాను. కుప్ప చూసి ఎవరూ ఏమనలేదు, రెండు చేతుల దోసిలికి కొంచెం ఎక్కువ, అంతే. పొట్లం కట్టి ముందు వరుసలో అమ్మాయికి ఇచ్చాను, ఇంట్లో వండించి ఎంతమందికి సరిపోయిందో చెప్పమని.

వారం తర్వాత చీటీ రాసి పంపింది: "సంగటి చేసినాం సార్. నలుగురం తిన్నాం, ఒక్క పూటకే. తమ్ముడు మళ్లా పెట్టమన్నాడు." రెండో ముద్రణలో ఆరో అధ్యాయం మార్చాను. అప్పటిదాకా నా కథలో ఆ పిల్లకు తమ్ముడు లేడు.