బార్టోక్ సోలో వయొలిన్ సొనాటా: అపోహలు - వాస్తవాలు

పక్కవాద్యం లేకుండా వయొలిన్ కోసం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన రచనల్లో హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ సొనాటాను (కొన్ని భాగాలుగా సాగే వాద్యరచనను) మించింది లేదని నా నమ్మకం. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ అడిగితే రాశాడు. నేను వాయిస్తాను, శిష్యులకు నేర్పిస్తాను. దీని గురించి చెప్పుకునే మాటలు చాలావరకు స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) తెరిస్తే నిలబడవు.

అపోహ: చావుకు దగ్గరైన మనిషి శోకగీతం ఇది.

ఆయన జబ్బు మనిషే, నిజం. కానీ ఇది నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో, ఒంట్లో కాస్త నెమ్మదించిన రోజుల్లో రాసింది. 1944 మార్చిలో పూర్తయింది. నవంబర్ 26న కార్నెగీ హాల్లో మెనుహిన్ తొలిసారి వాయిస్తే స్వయంగా వెళ్లి విన్నాడు. ఇరవై నిమిషాలు ఒక్క వయొలిన్‌నే వినడం కష్టమవుతుందేమోనని భయపడ్డానని, తన వరకు బాగానే అనిపించిందని తర్వాత ఓ ఉత్తరంలో రాశాడు. చివరి రచన కూడా కాదు. మూడో పియానో కన్చెర్టో దీని తర్వాతిదే.

అపోహ: మొదటి భాగం చకోన్‌కు (జర్మన్ స్వరకర్త బాఖ్ ఒక్క వయొలిన్‌కు రాసిన ప్రసిద్ధ రచనకు) నకలు.

బాఖ్ నీడ ఉంది. అయితే చకోన్ నుంచి తీసుకున్నది నడక మాత్రమే. చకోన్‌లోలా ఒకే వరసను తిప్పితిప్పి వాయించే పద్ధతి ఇక్కడ లేదు, కట్టడం సొనాటాదే.

అపోహ: ఒక్క వయొలిన్ మీద ఇలాంటి ఫ్యూగ్ వాయించలేం.

ఫ్యూగ్ అంటే ఒకే ఇతివృత్తాన్ని పలు గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన. స్కోరు మొదట చూసినప్పుడు మెనుహిన్‌కూ దాదాపు అలాగే అనిపించింది. తీగలను మోసే బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి కమాను రెండు తీగల మీదే నిలుస్తుంది, మిగతావాటిని తాకి వచ్చేస్తుంది. వదిలేసిన గొంతును చెవి కొనసాగించుకుంటుంది. నా శిష్యులు తీగలన్నిటినీ ఒకే బలంతో కొడతారు, అప్పుడు ఫ్యూగ్ వినపడదు, మోతే వినపడుతుంది. ఇతివృత్తం ఏ తీగ మీదుంటే బరువు అక్కడే ఉంచాలి.

అపోహ: చివరి భాగంలోని పావుస్వరాలను మెనుహిన్ తన వీలు కోసం తీసేశాడు.

ఇది నన్ను బాగా బాధపెట్టే మాట. పావుస్వరమంటే మన పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో సగం. అవి రంగు కోసమే తప్ప కట్టడంలో భాగం కావని, ఇబ్బందైతే మానేయవచ్చని మెనుహిన్‌కు రాసింది బార్టోకే. ప్రత్యామ్నాయమూ ఆయనే రాసిచ్చాడు. రెండూ విన్నాక తేల్చాలనుకున్నాడు, 1945 సెప్టెంబర్‌లో పోయాడు. 1947లో మెనుహిన్ సంపాదకత్వంలో అచ్చయిన ప్రతిలో ఆ ప్రత్యామ్నాయమే, అంటే మామూలు స్వరస్థానాల పాఠమే ఉంది. పావుస్వరాలు 1994లో కుమారుడు పీటర్ బార్టోక్ తెచ్చిన ప్రతితో అందరికీ అందాయి. నేను పావుస్వరాలే వాయిస్తాను. మ్యూట్ (బ్రిడ్జికి తగిలించి ధ్వని తగ్గించే చిన్న సాధనం) వేసిన ఆ సన్నటి రొద ఎంత ఇరుగ్గా ఉంటే, తర్వాత వచ్చే పాట అంత విశాలంగా వినిపిస్తుంది.

అపోహ: గమకాలు తెలిసిన మనవాళ్లకు ఆ పావుస్వరాలు తేలిక.

1952లో మద్రాసులో ద్వారం వెంకటస్వామి నాయుడు వాయించగా విని మెనుహిన్ ఎంతో మెచ్చుకున్నాడు. మన వేళ్లకు ఆ సూక్ష్మత ఉందనడంలో సందేహం లేదు. కానీ గమకంలో వేలు స్వరం నుంచి స్వరానికి జారుతుంది. ఇక్కడ జారకూడదు. ప్రతి పావుస్వరం విడిగా, అతివేగంగా పలకాలి. కర్ణాటక సాధన నుంచి వచ్చినవాళ్లు మొదట జారుడు మానుకోవాలి. మ్యూట్ తప్పులను దాచేస్తుంది కాబట్టి దాన్ని తీసేసి, సగం వేగంలో మొదలుపెట్టండి.