చార్మినార్ గార, గుడ్డు సొన, సిమెంటు: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల సున్నం పనిలో ఉన్నవారికి చార్మినార్ గురించి ఎక్కడికి వెళ్లినా అవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ప్లేగు తగ్గినందుకు గుర్తుగా దీన్ని కట్టారు.

వాస్తవం: కథ జనంలో బలంగానే ఉంది. అయితే చాలామంది చరిత్రకారులు 1591 నాటి ఈ కట్టడాన్ని మహమ్మద్ కులీ కుతుబ్ షా స్థాపించిన కొత్త నగరంతోనూ, ఆ సమయానికే మొదలైన హిజ్రీ 1000వ సంవత్సరంతోనూ ముడిపెడతారు. పై అంతస్తులో మసీదు ఉంది. కుతుబ్ షాహీల కాలంలో అక్కడ మదరసా కూడా నడిచింది.

అపోహ: గోల్కొండ దాకా సొరంగం ఉంది.

వాస్తవం: గట్టి ఆధారమేదీ లేదు.

అపోహ: గుడ్డు సొన, బెల్లం కలపడం వల్లే గోడలు నాలుగు వందల ఏళ్లు నిలిచాయి.

వాస్తవం: బలం సున్నానిదే. కాల్చి, నీళ్లతో విరిచిన సున్నం గోడ మీదికి చేరాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. ఇసుకతో గానుగలో రుబ్బిన డంగు సున్నానికి బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు, సొన సాయం మాత్రమే చేస్తాయి: ముద్ద తాపీకి సాగుతుంది, బీటలు తగ్గుతాయి, పైపూతలో నీరు అంతగా ఇంకదు. పాళ్లు మించితే చేటే. పని నేర్చుకునే రోజుల్లో నేను బెల్లం నీళ్లు ధారాళంగా పోసిన గారలో వారం తర్వాత కూడా గోరు దిగింది. పైగా చీమలు బారు కట్టాయి.

అపోహ: బీటల్లో సిమెంటు నింపితే కట్టడం ఇంకా గట్టిపడుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా హాని చేసే నమ్మకం ఇదే. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో. అప్పటికే చార్మినార్ వయసు 233 ఏళ్లు. సున్నపు గోడ వానకు తడిసి, ఎండకు తన ఒంట్లోంచే ఆరుతుంది. సిమెంటు ఆ దారి మూసేయడంతో తేమతో వచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలు కట్టి పాత గారను పిండి చేస్తాయి. ఊడిన పెచ్చును తిరగేసి చూడండి: సిమెంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని వీపున తెల్లటి ఉప్పు, ఆ ఉప్పుతోపాటు ఊడివచ్చిన పాత సున్నం కనిపిస్తాయి. మరమ్మతుకు ముందు సుత్తి పిడితో మెల్లగా తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన మేరకే సుద్దతో గీత గీసి, అంతే తొలగించి, మళ్లీ డంగు సున్నాన్నే పలుచటి పొరలుగా పెట్టి, తడి గోనెపట్టాలు కప్పాలి.