నకిలీ మందులు అమ్మిన కేసు: మెడికల్ షాపుల వాళ్ల అపోహలు – వాస్తవాలు

మందుల కేసులు చూసే లాయరుని. నా దగ్గరికొచ్చే షాపుల వాళ్లు దాదాపు అందరూ ముందుగా అనే మాట ఒకటే: "సార్, మేం తయారు చేయలేదు, అమ్మామంతే. పైగా బిల్లు కూడా ఉంది." ఈ ధీమాతోనే నోటీసులను పక్కన పడేసి, పరిస్థితి చేయి దాటాక వస్తారు.

అపోహ: బిల్లుంటే కేసు నిలవదు.

డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1940లో సెక్షన్ 18 ప్రకారం నకిలీ మందు తయారు చేయడమే కాదు, అమ్మడమూ నేరమే, అమ్మకానికి షాపులో పెట్టుకోవడమూ నేరమే. 'నాకు తెలియదు' అంటే సరిపోదని సెక్షన్ 19 మొదట్లోనే ఉంది. నిజంగా తెలియక అమ్మినవాడికి అదే సెక్షన్‌లో ఒక దారి ఉంది, కానీ మూడు విషయాలు రుజువు చేసుకోవాలి. సరుకు లైసెన్సున్న వాళ్ల దగ్గరే కొన్నానని, తగిన జాగ్రత్త తీసుకున్నా అది నకిలీ అని కనిపెట్టలేకపోయేవాణ్నని, వచ్చిన మందును వచ్చినట్టే సరిగ్గా నిల్వ చేశానని. ఆ భారం షాపాయనదే.

బిల్లు ఇందులో మొదటిదానికే పనికొస్తుంది. అదీ పట్టుబడ్డ స్ట్రిప్పుకు సంబంధించిన బిల్లయితేనే.

గుంటూరు జిల్లా నుంచి ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. పేరున్న కంపెనీ యాంటీబయాటిక్ నకిలీదని తేలింది. ఫైలు నిండా బిల్లులే, అన్నీ లైసెన్సున్న ఏజెన్సీవి. ల్యాబు రిపోర్టు, అంటే ఫారం 13, పక్కన పెట్టుకుని బ్యాచ్ నంబర్లు చూస్తూ పోయాను. బ్రాండు అదే, బ్యాచ్ మాత్రం ఏ బిల్లులోనూ లేదు. పెద్దాయన తల దించుకున్నారు. కొడుకే చెప్పాడు: "బ్యాగులో తెచ్చిచ్చే కుర్రాడు ఒకడు వస్తుండేవాడండీ. నలభై శాతం తగ్గించి ఇచ్చేవాడు. పక్క షాపు వాళ్లూ తీసుకుంటున్నారని మేమూ తీసుకున్నాం."

ఆ నలభై శాతమే ఎదురు తిరిగింది. షెడ్యూల్డ్ మందుల మీద, అంటే ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టే మందుల మీద, ధరల నియంత్రణ ఉత్తర్వు రిటైలరుకు లెక్కగట్టే మార్జిన్ 16 శాతం. అలాంటి వ్యాపారంలో బిల్లు లేకుండా అంత తక్కువకు వస్తుంటే అనుమానం రాలేదంటే జడ్జి నమ్మడు. వాళ్లు దొంగలు కారు, నాకు తెలుసు. అద్దె, జీతాలు, ఆన్‌లైన్ డిస్కౌంట్ల పోటీ వాళ్లను అక్కడికి నెట్టాయి. కానీ ఆ బాధ సెక్షన్ 19 కిందికి రాదు.

సరుకు దించుకునేటప్పుడే స్ట్రిప్పు మీది బ్యాచ్‌ను బిల్లుతో సరిచూడండి. హోల్‌సేల్ బిల్లులో బ్యాచ్ నంబరు ఉండాలన్నది రూలు. లేకపోతే అక్కడికక్కడే వెనక్కి పంపండి.

రిపోర్టు చేతికొచ్చాక కూడా చాలామంది ఊరుకుంటారు. శాంపిల్ మీ షాపులో తీసి ఉంటే, రిపోర్టు కాపీ అందిన 28 రోజుల్లోగా దాన్ని సవాలు చేస్తానని డ్రగ్ ఇన్‌స్పెక్టరుకో కోర్టుకో రాసి ఇవ్వాలి. లేకపోతే మీ మీద ఆ రిపోర్టే తిరుగులేని సాక్ష్యం. కోల్‌కతాలోని సెంట్రల్ డ్రగ్స్ ల్యాబొరేటరీలో మళ్లీ పరీక్ష చేయించమని అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

ఇచ్చినవాడి పేరు దాస్తే మంచిదని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల మాట వినకండి. అడిగినప్పుడు చెప్పి తీరాలని సెక్షన్ 18ఎ. చెప్పకపోతే అదొక వేరే నేరం, ఏడాది దాకా జైలు.

అపోహ: లోపల మందు సరిగ్గానే ఉంటే నకిలీ కాదు.

ఆ కంపెనీ తయారు చేయని మందు మీద ఆ కంపెనీ పేరుంటే చాలు, నకిలీయే.

అపోహ: జరిమానా కట్టి బయటపడొచ్చు.

జరిమానాతో పోయే కేసు కాదిది. నకిలీ మందుకు కనీసం 7 ఏళ్లు. అది ప్రాణం తీసేదో, తీవ్ర హాని చేసేదో అయితే కనీసం 10 ఏళ్లు. రెండింటిలోనూ యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. జరిమానా దీనికి అదనం. నాన్ బెయిలబుల్ కేసు, బెయిల్ సులభంగా రాదు. తయారీ లోపంతో నాసిరకమని తేలిన మందు కేసు వేరు, దాని శిక్ష చాలా తక్కువ. నోటీసు రాగానే మీది ఏ కేసో ముందు చూసుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గొచ్చు.

అపోహ: పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టలేదు కాబట్టి కేసు లేదు.

ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ పోలీసుల పని కాదని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డ్రగ్ ఇన్‌స్పెక్టరే అరెస్టు చేయగలరు, నేరుగా కోర్టులో ఫిర్యాదు వేస్తారు.

ఇక మందు వాడినవాళ్లు. "నకిలీది వేసుకున్నాం, మా మీద కూడా కేసు పెడతారా?" అని అడుగుతుంటారు. తెలియక కొని వాడుకున్నవాళ్ల మీద కేసు ఉండదు. మిగిలిన స్ట్రిప్పును, బిల్లును పారేయకండి. మందు మార్చే విషయం వెంటనే మీ డాక్టరుతో మాట్లాడండి. కొన్న మందును ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు సెక్షన్ 26 కింద ఎవరికైనా ఉంది.