అరుదైన క్యాష్‌ల చాలెంజ్ పెడుతున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

పోయిన ఆదివారం చిత్తూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. జియోక్యాషింగ్ ఆడతాడు, అంటే ఎవరో దాచిన డబ్బాల్ని (వాటినే క్యాష్‌లంటాం) జీపీఎస్‌తో వెతికి పట్టే ఆట. అందులో చాలెంజ్ అంటే, ముందు కొన్ని షరతులు తీర్చినవాళ్లకే లెక్కలోకి వచ్చే పెట్టె. ఏడుపు ఒక్కటే తక్కువ. "అన్నా, నాలుగు నెలలు కష్టపడినా. పెట్టె కొన్నా, పేజీ రాసినా, మా మామ తోటలో చోటు కూడా చూసుకున్నా. రివ్యూయర్ ఒక్క ముక్కలో కుదరదనేశాడు." రివ్యూయర్ అంటే కొత్త పెట్టె పేజీ చూసి ఒప్పుకునేవాడు. సరే, షరతులు చదవమన్నాను. వెబ్‌క్యామ్ క్యాష్‌లు 5, గిగా ఈవెంట్ 1, ప్రాజెక్ట్ ఏప్ 1, వేరిగోలు 10, ఇవన్నీ అయినవాళ్లకే పెట్టె. (ఇవన్నీ క్యాష్ రకాలు, ఒక్కోటీ ఏంటో కింద చెబుతా.) కాసేపు నాకు మాట రాలేదు. "నీకెన్ని ఉన్నాయి రా ఇందులో?" అని అడిగా. "నాకా? ట్రెడిషనల్స్ తొంభై, మల్టీలు నాలుగు. వేరే రకం ఒక్కటీ లేదన్నా" అన్నాడు. ట్రెడిషనల్ అంటే చెప్పిన చోటే దొరికే మామూలు డబ్బా, మల్టీ అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తిరిగి పట్టేది.

ఇలాంటి ఫోన్ ఈ ఏడాదిలో ఇది మూడోది. ప్రతిసారీ అదే గంటసేపు చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి రాసి పెడుతున్నా, ఇకమీదట లింకు పంపేస్తా. నేను తిరుపతిలో పొలాలు, ప్లాట్లు సర్వే చేసేవాణ్ణి. వారమంతా డీజీపీఎస్ మోసుకుని గట్ల వెంట తిరగడం, ఆదివారమొస్తే చేతి జీపీఎస్‌తో డబ్బాల కోసం తిరగడం. మా ఆవిడ లెక్కలో రెండూ ఒకటే, రెండోదానికి డబ్బులు రావు, అంతే తేడా. ఈ ఆట ఇప్పటికే ఆడుతున్నవాళ్ల కోసమే ఇది, కొత్తవాళ్లకి ఒక్క మాట: లాగ్ అంటే పట్టామని క్యాష్ పేజీలో రాసుకునేది.

అపోహ: రకం ఎంత అరుదైతే చాలెంజ్ అంత గొప్పది

జనాన్ని ముంచేది ఇదే, అందుకే ఎక్కువసేపు దీని మీదే కూర్చుంటా.

అరుదైనవాటిలో రెండు జాతులున్నాయి. తలుపు మూసేశారు కాబట్టి అరుదైనవి కొన్ని. ఎవరూ ఒళ్లొంచి పెట్టడం లేదు కాబట్టి అరుదైనవి కొన్ని. ఈ రెండింటినీ కలిపేసి ఒకే సంచిలో వేసుకుంటేనే పైన తమ్ముడికి జరిగినట్టు జరుగుతుంది.

మూసేసిన తలుపుల సంగతి చూడండి. వెబ్‌క్యామ్ క్యాష్ కొత్తది పెట్టడం 2005లోనే ఆపేశారు. ఎవరిదో వీధి కెమెరా ముందు నిలబడి, ఆ కెమెరాలో పడిన మన బొమ్మను తీసి లాగ్‌కి జత చేయాలి, ఆట అది. అంటే ఆ కెమెరా పాడైతే, పెట్టినవాళ్లు తీసేస్తే, ఆ క్యాష్ కూడా పోయినట్టే. ఉన్నవి తరిగిపోవడమే గాని పెరిగేది లేదు. డబ్బా లేకుండా ఒక చోటు చూసి రావడమే ఉండే వర్చువల్స్ కూడా 2005లోనే ఆగాయి, మళ్లీ 2017లో ఎంపిక చేసిన కొందరికి మాత్రం తలా ఒకటి పెట్టుకోనిచ్చారు, ఆ తర్వాత అప్పుడప్పుడు అలాగే ఇస్తున్నారు. మనకి కావాలంటే పెట్టుకోగలిగేది కాదు. ప్రాజెక్ట్ ఏప్ అయితే 2001లో ఒక సినిమా ప్రచారం కోసం పెట్టిన డజను పైచిలుకు పెట్టెలు, వాటిలో దాదాపు అన్నీ ఎప్పుడో మాయమైపోయాయి. హెడ్‌క్వార్టర్స్ రకం కావాలంటే సియాటిల్ వెళ్లి ఈ ఆట నడిపే కంపెనీ ఆఫీసు గుమ్మం తొక్కాలి. గిగా అంటే 5,000 మంది పైన వచ్చే ఈవెంట్, మెగాకే 500 మంది కావాలి. మన దగ్గర ఒక మామూలు ఈవెంట్‌కి ఎనిమిది మంది వస్తే నేను ఇంకో రౌండ్ టీ చెబుతా.

ఇప్పుడా తమ్ముడి షరతులు మళ్లీ చదవండి. అవి తీరాలంటే పాస్‌పోర్టు, వీసా, విమానం టికెట్లు కావాలి. పెట్టె మాత్రం చిత్తూరు దగ్గర మామిడితోటలో! ఎవరి కోసం పెట్టినట్టు? జర్మనీ నుంచి ఎవరో కాణిపాకం చూడ్డానికి వచ్చి, పనిలో పనిగా సంతకం పెట్టి పోతాడని కాబోలు.

ఇంకో జాతి ఉంది కదా, బద్ధకం వల్ల అరుదైనవి. లెటర్‌బాక్స్ హైబ్రిడ్, వేరిగో, ఎర్త్‌క్యాష్, సీఐటీఓ. వీటికి ఎవరూ తలుపు మూయలేదు, రేపే మీరు ఒకటి రాయడం మొదలుపెట్టొచ్చు. లెటర్‌బాక్స్‌కి మామూలు డబ్బాతో పాటు ఒక స్టాంపు కావాలి, అది డబ్బాలోనే ఉండాలి, వచ్చినవాళ్లు పట్టుకుపోకూడదు. అంతే. నా మొదటి దానికి స్టాంపు మా మేనకోడలు చేసింది, పెద్ద రబ్బరు మీద బ్లేడుతో తోతాపురి మామిడికాయ, దాని కింద "మా" అన్న అక్షరం. ఇంకు అద్ది కాగితం మీద గుద్దితే కాయ బాగానే పడింది, "మా" మాత్రం తిరగబడి ఏ భాషో తెలియకుండా పోయింది. "అద్దంలో రాసినట్టు చెక్కాల మామా" అని అదే మళ్లీ కూర్చుని రెండోది చెక్కింది, దానికి పట్టింది ఒక సాయంత్రం. వేరిగో అంటే ఫోన్‌లోనో జీపీఎస్‌లోనో నడిచే చిన్న గేమ్ చెప్పినట్టు నడిచి పట్టేది. 2008 నుంచి ఉంది, కార్ట్రిడ్జ్, అంటే ఆ గేమ్ ఫైలు, తయారు చేయాలంటే కోడింగ్ రావాలని భయపడతారు గాని, క్లిక్కులతో చేసుకునే బిల్డర్లు ఉన్నాయి. సీఐటీఓ అంటే ఒక గంట చెత్త ఏరడం, ఈవెంట్‌గా ముందే పెట్టుకోవాలి.

ఎర్త్‌క్యాష్ అంటే డబ్బా లేకుండా, రాళ్లూ కొండల కథ అక్కడికే వెళ్లి చూసి తెలుసుకునే రకం. దానికైతే మనంత అదృష్టవంతులు లేరు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ కనిపిస్తుంది, కింద పాత గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ పొరలు, రెండింటి మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల లెక్క గల్లంతు. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. పైన శిలాతోరణం సంగతి చెప్పనక్కర్లేదు. ఇంత పెట్టుకుని మనవాళ్లు వెబ్‌క్యామ్ కోసం యూరప్ వైపు చూస్తారు. కాకపోతే శిలాతోరణం ముందు సెల్ఫీ దిగితే ఎర్త్‌క్యాష్ అయిపోదు. అక్కడ రాయిని కళ్లతో చూస్తేనే జవాబు చెప్పగలిగే ప్రశ్నలు ఉండాలి, వచ్చినవాళ్లు ఆ జవాబులు ఓనర్‌కి పంపాలి, రాయి ముక్క కూడా కదపకూడదు. ఘాట్ రోడ్డులో ఎక్కడపడితే అక్కడ బండి ఆపడం కుదరదు, ఆ మాట పేజీలో మొదటి లైన్‌లోనే రాయాలి.

ఇప్పుడు చాలెంజ్ గీసే పద్ధతి. ముందు షరతు రాయొద్దు, ముందు మనుషుల్ని చూడండి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, మన జిల్లాలు, ఇక్కడికి నిజంగా వచ్చే ఆటగాళ్లు పదిహేను మందిని రాసుకోండి. వాళ్ల ప్రొఫైళ్లలో ఏ రకం ఎన్ని ఉన్నాయో కనిపిస్తుంది, ఒక కాగితం మీద గళ్లు గీసి నింపండి. ఏ గడి అందరికీ ఖాళీయో అది మీ షరతులో తప్పనిసరి కాకూడదు. సగంమందికి ఉండి సగంమందికి లేనిదే పనికొచ్చే గడి, ఎందుకంటే లేనివాడికి అందులో చేయాలన్న ఆశ పుడుతుంది. నేను చివరికి రాసింది ఇది: ట్రెడిషనల్ కాక వేరే రకాలు ఏవైనా ఐదు, అన్నీ కలిపి పదిహేను క్యాష్‌లు. ఏ ఐదు అన్నది వచ్చేవాడి ఇష్టం. విదేశాలు తిరిగొచ్చిన ఐటీ వాళ్లకి వెబ్‌క్యామ్ ఉంటే లెక్కలోకి వస్తుంది, చిత్తూరు దాటనివాడికి మల్టీ, మిస్టరీ (చిక్కుముడి విప్పి పట్టేది), లెటర్‌బాక్స్, ఈవెంట్, ఎర్త్‌క్యాష్ సరిపోతాయి.

"ఇంత సులువైతే చాలెంజ్ ఏముందన్నా" అని అడిగినవాళ్లున్నారు. వాళ్ల ప్రొఫైల్ తెరిచి చూస్తే మూడు రకాలు దాటవు. నవ్వొస్తుంది, చెప్పను.

రివ్యూయర్ కుదరదన్నది కక్షతో అనుకుంటారు, అదొక పుకారు నడుస్తోంది, విని విని విసుగొచ్చింది. 2015 ఏప్రిల్‌లో కొత్త చాలెంజ్‌లన్నీ ఏడాదికి పైగా ఆపేశారు, ఎందుకంటే ఎవరికి తోచిన షరతు వాళ్లు రాయడం, రివ్యూయర్లతో వాదనలు, తీరిందో లేదో చేత్తో లెక్కపెట్టుకోవడం, అంతా గందరగోళం. 2016లో మళ్లీ తెరిచినప్పుడు నియమాలు బిగించారు. ప్రాజెక్ట్-జీసీ అనే సైటులో చెకర్, అంటే షరతు తీరిందో లేదో తేల్చి చెప్పే స్క్రిప్టు, తప్పనిసరి. చుట్టుపక్కల ఆటగాళ్లలో చెప్పుకోదగ్గంత మందికి సాధ్యమయ్యేదిగా ఉండాలి. పేరులో చాలెంజ్ అన్న మాట ఉండాలి. అందరికంటే ముందు పట్టిన లెక్కలు, క్యాష్ పేరులో ఫలానా అక్షరాలు, ఇలాంటివి చెల్లవు. రకాల మీద పెట్టుకోవచ్చు, కాని "ట్రెడిషనల్ ముట్టుకోకుండా వరసగా ఇరవై" లాంటిది పెట్టారనుకోండి, అది మనిషిని వెతకొద్దని ఆపడం, అదీ కుదరదు. చెకర్ స్క్రిప్టు రాయడం మీకు రాకపోతే ఓపికగా రాసిపెట్టేవాళ్లు ఉన్నారు, షరతు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. ఒక్క వాక్యంలో రావడం లేదంటే షరతులోనే చిక్కుంది.

అపోహ: అర్హత రాకముందు పెట్టె తెరవకూడదు

కోపం రాదు, జాలేస్తుంది ఇది వింటే. చెన్నై నుంచి ఒక అక్క, ఇద్దరు పిల్లల్ని వేసుకుని నా చాలెంజ్ పెట్టె కోసం ఎండలో వచ్చింది. మోటారు షెడ్డు వెనక పెట్టె దొరికింది. పిల్లలు గెంతుతుంటే వాళ్లని ఆపి, మూత కూడా తీయకుండా మళ్లీ అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. రాత్రి మెసేజ్: "నాకు ఇంకా ఒక రకం తక్కువ ఉంది కదండీ, చెకర్‌లో ఎర్రగా చూపిస్తోంది, తప్పవుతుందేమోనని ముట్టుకోలేదు." రానూ పోనూ 270 కిలోమీటర్లు! అక్కా, సంతకం ఎప్పుడైనా పెట్టొచ్చు. ఆ రోజే లాగ్‌బుక్‌లో పేరు, తేదీ రాసి, పేజీలో నోట్‌గా ఒక లైన్ పెట్టుకుని వెళ్లిపోవడమే. షరతు తీరిన రోజు ఇంట్లో కూర్చునే ఫౌండ్ ఇట్, అంటే పట్టానన్న లాగ్, వేసుకోవచ్చు. నియమమే అలా ఉంది, నా దయ ఏం లేదు. తర్వాత నా పేజీలో ఈ మాట పెద్దక్షరాలతో పెట్టాను, మీరూ పెట్టండి. మళ్లీ వేసవి సెలవుల్లో వచ్చారు వాళ్లు. ఈసారి చిన్నోడే సంతకం పెట్టాడు, సగం పేజీ వాడిదే.

మిగతావి గబగబా. ఆర్కైవ్ అయిన, అంటే ఆటలోంచి తీసేసిన క్యాష్‌ని అది ఉన్నప్పుడే మీరు పట్టి ఉంటే లెక్కలోంచి పోదు, కంగారు పడొద్దు. చెకర్‌కి డబ్బులు కట్టాలన్నది అబద్ధం. ఎర్త్‌క్యాష్‌లో డబ్బా ఉండదు కాబట్టి అది అసలు క్యాషే కాదనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. రెండు డబ్బాల మధ్య 161 మీటర్లు ఉండాలన్నది మాత్రం అపోహ కాదు, నిజమే. ఊరగాయ డబ్బా కడిగి పెడితే చాలనుకోవద్దు, ఎంత తోమినా ఆవకాయ వాసన పోదు, నాది ఒకటి మూడో రోజుకే కోతి ఎత్తుకుపోయి గోడ మీద కూర్చుని మూత కొరుకుతూ కనిపించింది. నవంబరు వానలకి లాగ్‌బుక్ తడవకుండా జిప్ కవరు రెండు పొరలు వేయండి.

అడవి సంగతి ఒక్కటి గట్టిగా చెప్పాలి. శేషాచలం లోపల పెడితే టెర్రెయిన్, అంటే దారి ఎంత కష్టమో చెప్పే మార్కు, పెరుగుతుందని అడిగేవాళ్లున్నారు. అది రక్షిత అడవి, పైగా ఎర్రచందనం ప్రాంతం. చేతిలో జీపీఎస్‌తో పొదల్లో వెతుకుతూ కనబడినవాణ్ణి చూసి ఎవరైనా ఏమనుకుంటారో మీరే చెప్పండి. అనుమతి లేనిచోట పెట్టొద్దు, వెళ్లొద్దు. తెలిసినవాళ్ల తోట, కాలేజీ ఆవరణ, అడిగితే ఒప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి.

అడగడంలో కూడా ఒక తంటా ఉంది. మన భాషలో ఈ ఆటకి పట్టిన శని దాని పేరే. క్యాష్ అంటే ఎవరికైనా డబ్బులే కదా. మామిడితోటలో పెట్టె పెట్టిన కొత్తలో ఊళ్లో పాకింది, సర్వే ఆయన తోటలో క్యాష్ దాచినాడంట అని. దానికి గుప్తనిధి తోడైంది. ఒక సాయంత్రం వెళ్లేసరికి పదిమంది షెడ్డు చుట్టూ నిలబడి ఉన్నారు, ఒకాయన చేతిలో పార కూడా. కాపలా తాత ముందుకొచ్చి, "ఏం నాయనా, యాడుండాది?" అన్నాడు. నేల తవ్వడం ఈ ఆటలో పనికిరాదని, చూపిస్తా రండని, షెడ్డు వెనక ఇటుకల సందులోంచి పెట్టె తీసి అందరి ముందే తెరిచాను. లోపల పుస్తకం, పెన్సిలు, మామిడికాయ స్టాంపు. తాత స్టాంపు తీసుకుని ఇంకులో అద్ది తన అరచేతి మీద గుద్దుకుని చూసుకున్నాడు. "ఇంతేనా?" అన్నాడు. పారతో వచ్చినాయన ముందు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ పెట్టెకి తాతే కావలి. ఎవరొచ్చినా రాత్రికి నాకు ఫోన్ వస్తుంది. నిన్న కూడా చేశాడు. "నాయనా, చిత్తూరు పిల్లోడొకడొచ్చి నీ పుస్తకంలో పేరు రాసుకోని పోయినాడు. వాడికింకా రెండు రకాలు తక్కువంట. ఏం రకాలబ్బా అవి, మామిడికాయల్లోనా?"