రంగునీళ్లలో దాచిన కరెంటు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేశాక రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి చూసినప్పటినుంచి కరెంటు దాచుకోవడం గురించి ఏం కనబడినా వదలకుండా చదువుతున్నాను. అలా తెలిసిందే ఈ రంగుల బ్యాటరీ.

దీన్ని ఫ్లో బ్యాటరీ అంటారు. రెండు ట్యాంకుల్లో రెండు ద్రావణాలు, వాటిని మధ్యనున్న సెల్‌లోకి తోడే పంపులు, సెల్‌లో రెండూ కలిసిపోకుండా ఒక పల్చటి పొర. ఒక ద్రావణం వదిలిన ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా రెండోదానికి చేరతాయి, మనకి కావల్సిన కరెంటు అదే. ఇంకో రెండు గంటలు ఎక్కువ రావాలా, ట్యాంకు పెద్దది పెట్టండి. ఫోన్లకీ స్కూటర్లకీ ఇది పనికిరాదు, బరువెక్కువ. విశాఖలో ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలే 2 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లలాంటి వాటి పక్కన పెట్టి, పగటి కరెంటు రాత్రికి దాచడానికి బావుంటుంది.

మామూలుగా ఇందులో వాడేది వనేడియం అనే లోహం. గనుల్లోంచి రావాలి, ఖరీదు. మరి రంగులెందుకు పనికొస్తాయి?

చేపల తొట్టెల షాపుల్లో దొరికే మిథిలీన్ బ్లూ తెలుసుగా. గ్లూకోజు, కాస్త కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో రెండు చుక్కలు వేసి సీసా కదపకుండా ఉంచితే నీలం మెల్లగా పలచబడి నీళ్లు తేటగా అయిపోతాయి, మూత బిగించి కుదిపితే మళ్లీ నీలం (టీచరు దగ్గరుండి ల్యాబ్‌లో చేయించాల్సిన ప్రయోగం, కాస్టిక్ సోడా చెయ్యి కాలుస్తుంది). గ్లూకోజు ఎలక్ట్రాన్లు ఇచ్చింది, రంగు పోయింది. గాలిలోని ఆక్సిజన్ వాటిని లాక్కుంది, రంగొచ్చింది. బ్యాటరీలో గ్లూకోజు పని చార్జింగ్ కరెంటు, ఆక్సిజన్ పని రెండో ద్రావణం చేస్తాయి, అంతే తేడా! బఫెలో విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో ఈ రంగుతోనే ఫ్లో బ్యాటరీ ప్రయత్నించారు, బట్టల మిల్లుల మురుగునీళ్లలో వృథాగా పోయేది కూడా ఇదే కదా అని.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఎరుపు. మన కలంకారీకి ఎర్రదనం ఇచ్చే చిరివేరులో ఉండేది అలిజరిన్ అనే రంగుపదార్థం, ఆంత్రాక్వినోన్లనే రసాయనాల కుటుంబం. హార్వర్డ్‌లో మైకేల్ అజీజ్ బృందం 2014లో, 2015లో చేసిన బ్యాటరీల్లో ఒక ట్యాంకులో వాడినవి ఆ కుటుంబంవే. 2015 నాటిదైతే అలిజరిన్‌కి సొంత తోబుట్టువు, అవే పరమాణువులు, రెండు హైడ్రాక్సిల్ గుంపుల (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటల) చోటు మాత్రమే మారింది.

చిక్కల్లా ఆయుష్షు. వాడగా వాడగా ఈ అణువు ఆంత్రోన్ అనే పనికిరాని రూపంలోకి జారిపోతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. దానికి 2019లో అదే బృందం చూపిన మందు, ద్రావణానికి గాలి తగిలించడం. ఆక్సిజన్ తగిలితే ఆంత్రోన్‌లో చాలావరకు మళ్లీ పాత రంగుపదార్థంగా మారుతుంది. నీలిమందు తొట్టెలోంచి పసుపుపచ్చగా పైకి తీసిన గుడ్డని గాలికి ఆరేస్తే కళ్లముందే నీలమయ్యేదీ ఈ ఆక్సిజన్ వల్లనే.